ముందుగా కొన్న ఇళ్ళలో మిగిలిన క్యాసెట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో పాత టేపురికార్డర్ల గురించి రాస్తూ, ఇంట్లో మూలపడిన వీడియో క్యాసెట్ల సంగతి కూడా అడగవచ్చునని చివర ఒక మాట అన్నాను. వచ్చిన ఉత్తరాలు చూస్తే, రాసినవారిలో ఎక్కువమంది తమ వీధిలో అందరికంటే ముందు వీసీఆర్ కొన్న ఇళ్ళవారే. అప్పట్లో అంత డబ్బు పోసి కొన్నందుకు ఇప్పుడు మిగిలినవి ఏ యంత్రంలోనూ ఆడని క్యాసెట్లు కావడంతో, ఉత్తరాల్లో కొంత నిష్ఠూరం కూడా ఉంది. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా మామగారు 1984లో దుబాయి నుంచి వస్తూ బీటామాక్స్ (సోనీ సంస్థ తెచ్చిన వీడియో క్యాసెట్టు పద్ధతి) వీసీఆర్ తెచ్చారు. మరుసటి ఏడాది మా పెళ్ళి జరిగింది. మామగారి తమ్ముడు తాను అక్కడ కొన్న కెమెరాను భుజాన పెట్టుకొని పెళ్ళంతా బీటా క్యాసెట్టులోనే తీశారు. కొద్ది సంవత్సరాల్లోనే మా ఊళ్ళో అద్దెకిచ్చే దుకాణాల్లో బీటా క్యాసెట్లు దొరకడం మానేశాయి; యంత్రం అటకెక్కింది. మా అమ్మాయి పెళ్ళిలో ఆ వీడియో చూపించాలని, తమ దగ్గర బీటా యంత్రం ఉందన్న ఒక స్టూడియోవారికి క్యాసెట్టు ఇచ్చాము. వారం తరువాత ఇది ఖాళీ క్యాసెట్టని తిరిగి ఇచ్చారు. నిజంగా చెరిగిపోయిందా? బీటా కొని మామగారు పొరపాటు చేశారని ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు. అది నిజమేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, క్యాసెట్టు ఖాళీ అన్న మాటను నేను ఇప్పుడే నమ్మను, మీరూ నమ్మవద్దు. అటక మీద ఊరికే పడి ఉన్న టేపు మీది బొమ్మ దానంతట అది తుడిచిపెట్టుకుపోదు. బూజు పట్టవచ్చు, రంగు వెలిసిపోవచ్చు, తెల్లని చారలు రావచ్చు. కానీ మొదటి నుంచి చివరి దాకా ఏమీ లేకుండా పోవాలంటే ఎవరైనా దాని మీద మళ్ళీ రికార్డు చేసి ఉండాలి, లేదా బలమైన అయస్కాంతం పక్కన పెట్టి ఉండాలి. నా అనుమానం స్టూడియోవారి యంత్రం మీద.

స్టూడియోల్లో పనిచేసేవారు ‘బీటా’ అంటే వారి మనసులో ఉండేది బీటాకామ్. అది సోనీ సంస్థే 1982లో టీవీ కేంద్రాల పని కోసం తెచ్చిన వేరే పద్ధతి. దాని చిన్న క్యాసెట్టుకూ మీ ఇంట్లోని బీటామాక్స్ క్యాసెట్టుకూ కొలతలు ఒకటే, లోపలి టేపు వెడల్పు కూడా అదే అర అంగుళం. అందుచేత మీ క్యాసెట్టు ఆ యంత్రం నోట్లోకి ఏ అడ్డూ లేకుండా దిగిపోయి ఉంటుంది. కానీ బీటాకామ్‌లో టేపు మీ ఇంటి యంత్రంలో కంటే ఐదు రెట్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. పైగా అది వెలుగునూ రంగునూ వేర్వేరు జాడల్లో రాస్తుంది, బీటామాక్స్ రెండింటినీ కలిపి ఒకే జాడలో రాస్తుంది. ఒకదాని రాత మరొకదానికి అర్థం కాదు కనుక తెర మీద చుక్కలు తప్ప మరేమీ కనబడదు. చూసినవారు దానినే ఖాళీ అనుకొని ఉంటారు. క్యాసెట్టు పట్టడం వేరు, ఆడడం వేరు అన్న సంగతి ఈ వ్యాపారంలో ఉన్నవారికే ఒక్కోసారి తట్టదు. ఈ నెల వచ్చిన మిగతా ఉత్తరాల్లోనూ దాదాపు ఇదే చిక్కు కనిపించింది.

మీరు చేయవలసినది ఇది. ముందుగా స్కేలు పెట్టి క్యాసెట్టును కొలవండి. బీటాకు పోటీగా వచ్చిన వీహెచ్‌ఎస్ అయితే పొడవు 18 సెంటీమీటర్లు దాటుతుంది; బీటామాక్స్ అయితే పదిహేనున్నర దగ్గర ఆగుతుంది. ఎల్-500 అనో ఎల్-750 అనో అచ్చు ఉంటే అది బీటాయే. తరువాత పక్కనున్న చిన్న తాళాన్ని వేలితో నొక్కి ముందు మూతను మెల్లగా ఎత్తి, టేపును తాకకుండా వెలుతురులో చూడండి. కిటికీలోంచి కనబడే చుట్ట అంచు మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది బూజు. అలాంటి క్యాసెట్టును శుభ్రం చేయించకుండా ఏ యంత్రంలోనూ పెట్టనివ్వకండి, ఎందుకంటే టేపు తెగే ప్రమాదం అటుంచి, ఆ బూజు యంత్రంలో టేపును చదివే హెడ్డుకు అంటుకొని తరువాత పెట్టిన క్యాసెట్లకూ పాకుతుంది. క్యాసెట్టు మీద ఒక ప్లాస్టిక్ పలుకు ఉంటుంది, దాన్ని విరిస్తే మళ్ళీ రికార్డు కాదు; ఇంకా విరవకుండా ఉంటే ఈ రోజే విరిచేయండి.

ఇక యంత్రం. మీకు కావలసినది మన దేశపు రంగుల టీవీ పద్ధతి అయిన పాల్‌లో పనిచేసే బీటామాక్స్. అమెరికాలో అమ్మిన బీటామాక్స్ దొరికినా ఉపయోగం లేదు, కారణం తరువాతి జవాబులో ఉంది. కాబట్టి అటక మీది మీ సొంత యంత్రాన్ని మించిన ఆశ మరొకటి లేదు. అయితే దాన్ని దించగానే ప్లగ్గు పెట్టి పెళ్ళి క్యాసెట్టు తోసేయకండి. నలభై ఏళ్ళుగా తిరగని యంత్రంలో రబ్బరు బెల్టులు కొన్ని సాగిపోయి ఉంటాయి, కొన్ని కరిగి తారులా కప్పీలకు అతుక్కొని ఉంటాయి. నేను రిపేరు బల్ల దగ్గర కూర్చున్న రోజుల్లోనే, కేవలం పదేళ్ళు పక్కన పెట్టిన యంత్రాల్లో ఆ జిగటను స్పిరిట్ ముంచిన గుడ్డతో గంటల తరబడి తుడవవలసి వచ్చేది. బెల్టులు, టేపును పట్టి నడిపే రబ్బరు చక్రం మార్పించి, హెడ్డు శుభ్రం చేయించి, ముందుగా పోయినా ఫరవాలేదనుకునే క్యాసెట్టును రెండు మూడు సార్లు ఆడించి చూశాకే మీ పెళ్ళిని అందులో పెట్టాలి. మొదటిసారి ఆడుతున్నప్పుడే కంప్యూటరులోకి నకలు తీస్తూ ఉండాలి. రెండోసారి ఆడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

చిన్నమామగారి కెమెరా గురించి ఒక మాట. భుజాన పెట్టుకొని నేరుగా బీటా క్యాసెట్టులోనే తీశారంటున్నారు గనుక అది 1983లో వచ్చిన బీటామూవీ అయి ఉంటుంది. అంతకు ముందు కెమెరా ఒకరి భుజాన, దానికి తీగతో కట్టిన రికార్డరు మరొకరి భుజాన ఉండేవి. బీటామూవీ ఆ రెండింటినీ కలిపింది గాని, అది తీయగలదే తప్ప తీసినదాన్ని చూపించలేదు. ఎలా వచ్చిందో చూడాలంటే ఇంటికి వచ్చి వీసీఆర్‌లో పెట్టవలసిందే. అది రాసే రాత మామూలు బీటా రాతే కాబట్టి మీ యంత్రం దాన్ని తప్పక చదువుతుంది.

మామగారి పొరపాటు సంగతికి వస్తే, ఆయన పక్షాన నేను వాదించదలచుకున్నాను. బీటామాక్స్ 1975లో వచ్చినప్పుడు ఒక గంట మాత్రమే రికార్డు చేసేది. 1976లో జపాన్‌లోని జేవీసీ వీహెచ్‌ఎస్‌ను రెండు గంటల నిడివితో తెచ్చింది. అమెరికాలో సినిమా మొత్తం ఒకే క్యాసెట్టులో పట్టడం, ఆ తరువాత నాలుగు గంటల ఫుట్‌బాల్ ఆట కూడా పట్టడం వీహెచ్‌ఎస్‌కు కలిసివచ్చాయి. బీటా ఓడిపోయిన కథను అందరూ ఇలాగే చెబుతారు. కానీ మామగారు కొన్న 1984 నాటికి, మన పాల్ పద్ధతిలో ఎల్-750 క్యాసెట్టు మూడు గంటల పావు దాకా నడిచేది. వీహెచ్‌ఎస్‌లో మనకు బాగా అలవాటైన ఈ-180 నడిచేది మూడు గంటలే. మూడు గంటల తెలుగు సినిమాకు బీటాయే కాస్త వెసులుబాటుగా ఉండేదన్నమాట. బొమ్మ నాణ్యతలో బీటాది పైచేయి అనేవారు, నిజమే గాని ఆ తేడా ఇళ్ళలోని టీవీలో కంటికి ఆనేంత కాదు. అసలు దెబ్బ దుకాణంలో తగిలింది. జేవీసీ తన పద్ధతిని మత్సుషిత, హిటాచి, షార్ప్, అకాయ్ వంటి ఎన్నో కంపెనీలతో పంచుకుంది. బీటా పక్షాన సోనీతో పాటు సాన్యో, తోషిబా, ఎన్‌ఈసీ వంటివి కొన్నే మిగిలాయి. రకరకాల ధరల్లో వీహెచ్‌ఎస్ యంత్రాలు పెరిగేకొద్దీ అద్దె దుకాణంవాడు ఒకే సినిమాను రెండు రకాల క్యాసెట్లలో పెట్టుకోవడం దండగ అనుకున్నాడు. ఒక్కొక్క అరలో బీటా తగ్గిపోవడం, అది చూసి కొత్తగా కొనేవారు వీహెచ్‌ఎస్ వైపు పోవడం, ఈ రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ సాగాయి. 1984లో దుబాయి దుకాణంలో నిలబడి ఉన్న మనిషికి తెనాలిలోని అద్దె అర మూడేళ్ళ తరువాత ఎలా ఉంటుందో కనబడే వీలు లేదు. సోనీయే 1988లో వీహెచ్‌ఎస్ యంత్రాలు చేయడం మొదలుపెట్టింది. అయినా బీటామాక్స్ యంత్రాలను 2002 దాకా, ఖాళీ క్యాసెట్లను 2016 దాకా అమ్మింది. గెలిచిందన్న వీహెచ్‌ఎస్ యంత్రాలను చివరి వరకు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా అదే 2016లో ఆపేసింది. ఇంట్లోవారు మళ్ళీ మామగారిని అంటే ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మా అన్నయ్య 1980లలో అమెరికా వెళ్ళి, పిల్లల పుట్టినరోజుల వీడియోలు అమ్మానాన్నల కోసం పంపేవాడు. అవి వీహెచ్‌ఎస్ క్యాసెట్లే, మా వీసీఆర్ కూడా వీహెచ్‌ఎస్సే. కానీ పెడితే బొమ్మ నలుపు తెలుపులో పైకి దొర్లిపోయేది, మాటలు కూడా సరిగా వచ్చేవి కావు. అమ్మ ఆ దొర్లే బొమ్మలోనే మనవలను గుర్తుపట్టి సంతోషించేది. క్యాసెట్ల మీద టీ-120 అని ఉంది. ఇప్పుడు వీటిని మార్పించడం సాధ్యమా? (ఒక పాఠకుడు, గుడివాడ)

జవాబు: సాధ్యమే, పైగా చెడిపోకుండా ఉంటే అమ్మగారు చూసిన దానికంటే ఎన్నో రెట్లు మంచి బొమ్మ వస్తుంది. మీ క్యాసెట్టుకూ యంత్రానికీ డబ్బా ఆకారం కుదిరింది, రాత కుదరలేదు. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. మన దేశం రంగుల టీవీకి 1982లో ఎంచుకున్నది పాల్. అక్కడి బొమ్మలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. మన బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఈ తేడాకు మూలం కరెంటులోనే ఉంది: అక్కడ సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడ 50.

వీసీఆర్ మూత తీసి చూసినవారికి మధ్యలో వాలుగా నిలబెట్టిన, మెరిసే స్థూపం గుర్తుండే ఉంటుంది. హెడ్లు దాని అంచున ఉంటాయి. అది అమెరికా యంత్రంలో నిమిషానికి 1800 చుట్లు, మన యంత్రంలో 1500 చుట్లు తిరుగుతుంది. టేపు అక్కడ సెకనుకు 33 మిల్లీమీటర్ల పైచిలుకు, ఇక్కడ 23 మిల్లీమీటర్ల పైచిలుకు కదులుతుంది. అక్కడి వేగంతో రాసినదాన్ని ఇక్కడి వేగంతో చదవబోతే బొమ్మ నిలవదు, రంగు చిక్కదు, మాట తన సహజమైన వేగంలో రాదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఇవే.

టీ-120 అన్న అచ్చును చూసి అది అమెరికా రికార్డింగే అనుకోవడం మాత్రం సరికాదు. ఆ అంకె టేపు పొడవును అక్కడి వేగంలో నిమిషాలుగా చెబుతుంది, అంతే. అదే టీ-120 ఖాళీ క్యాసెట్టును ఇక్కడికి తెచ్చి మన యంత్రంలో రికార్డు చేస్తే మూడు గంటలకు కాస్త తక్కువగా నడుస్తుంది, రాత పాల్ రాతే అవుతుంది. అన్నయ్యగారు సెలవులకు వచ్చినప్పుడు ఖాళీ క్యాసెట్లు కూడా తెచ్చి ఉంటే ఆ రెండు రకాలూ ఒకే పెట్టెలో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఒక్కొక్కటీ ఆడించి చూశాకే ఏది ఏదో రాసి పెట్టుకోండి.

మార్పించేటప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగండి. మొదటిది, వారి యంత్రం నిజంగా ఎన్‌టీఎస్‌సీదా, లేక 1990లలో మన దగ్గర అమ్మిన ‘ఎన్‌టీఎస్‌సీ ప్లేబ్యాక్’ ఉన్న పాల్ యంత్రమా అన్నది. ఆ రెండో రకం యంత్రం 525 గీతల బొమ్మకు పాల్ రంగు పూసి బయటకు పంపుతుంది. అప్పటి టీవీలు చాలావరకు దాన్ని అంగీకరించేవి, కానీ కంప్యూటరుకు తగిలించే క్యాప్చర్ పరికరాలు ఆ సంకర బొమ్మ దగ్గర తడబడి మళ్ళీ నలుపు తెలుపు చూపిస్తాయి. అసలు ఎన్‌టీఎస్‌సీ యంత్రం గాని, రెండు పద్ధతులనూ వాటి అసలు రూపంలోనే బయటకు పంపే మల్టీసిస్టమ్ యంత్రం గాని కావాలి. రెండోది, అమెరికాలో చాలామంది టేపు ఆదా కోసం అతి నిదానపు వేగంలో, టీ-120లోనే ఆరు గంటలు పట్టేలా రికార్డు చేసేవారు. అన్నయ్యగారు అలా చేసి ఉంటే ఆ వేగం కూడా చదవగల యంత్రమే పనికివస్తుంది.

నకలును పాల్‌లోకి మార్చి ఇస్తామని ఎవరైనా అంటే వద్దనండి. సెకనుకు 30 బొమ్మలను 25గా చేయడంలో కదలిక తడబడుతుంది, గీతల సంఖ్య సాగదీయడంలో బొమ్మ మసకబారుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, 720 బై 480 కొలతలోనే ఫైలుగా తీసి ఇవ్వమనండి. ఈనాటి కంప్యూటర్లకూ ఫోన్లకూ ఏ పద్ధతి అయినా ఒకటే. అన్నయ్యగారి పాత యంత్రాన్నే అమెరికా నుంచి తెప్పించాలనుకుంటే, అది 120 వోల్టులదని మరచిపోకండి. మధ్యలో వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెడితే ఒక్క క్షణంలో కథ ముగుస్తుంది. కరెంటు ఆవృత్తులను లెక్కపెట్టి నడిచే గడియారం అందులో ఉంటే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది గాని, టేపు ఆడడానికి అది అడ్డు కాదు.

ప్రశ్న: మా నాన్నగారు 1990లలో చేతిలో ఇమిడే చిన్న కెమెరాతో తీసిన 8 ఎంఎం క్యాసెట్లు ఇరవై దాకా ఉన్నాయి. వాటిని వీసీఆర్‌లో ఆడించే పెద్ద డబ్బా అడాప్టరు ఎక్కడ దొరుకుతుంది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఎక్కడా దొరకదు, ఎందుకంటే అలాంటిది లేదు. మీరు చూసి ఉన్న అడాప్టరు వీహెచ్‌ఎస్-సీ అనే చిన్న క్యాసెట్టుది. అందులో ఉండేది అదే అర అంగుళం టేపు కనుక పెద్ద డబ్బాలో పెడితే ఆడేది. మీ క్యాసెట్లలో టేపు వెడల్పు 8 మిల్లీమీటర్లు మాత్రమే, వీహెచ్‌ఎస్ టేపు 12.7 మిల్లీమీటర్లు. ఏ డబ్బాలో పెట్టినా ఆ రాతను వీసీఆర్ చదవలేదు. నాన్నగారి కెమెరానే బాగు చేయించి, దాని ఏవీ లీడుతో కంప్యూటరుకు కలపడం ఒక దారి. సోనీ తరువాత తెచ్చిన డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్ళు ఈ పాత క్యాసెట్లను కూడా చదివి, ఫైర్‌వైర్ తీగ ద్వారా నేరుగా కంప్యూటరులోకి పంపుతాయి. అన్నీ కావు, కొనేముందు మోడల్ చూసుకోవాలి. దొరికితే ఆ దారే మేలు.

ప్రశ్న: 2004లో విజయవాడలో మా పెళ్ళి వీడియోను డీవీడీగా చేసి ఇచ్చారు. నేను అమెరికా వస్తూ తెచ్చుకున్నాను. ఇక్కడి ప్లేయరులో పెడితే ఈ డిస్కును ఆడించలేము అని వస్తోంది. డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ ఇక్కడ 1, ఇండియాది 5 గనుక ఆడదని స్నేహితులు అన్నారు. కానీ తెలుగు సినిమా డీవీడీలు ఇదే ప్లేయరులో ఆడుతున్నాయి కదా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: మీ స్నేహితులు చెప్పిన అంకెలు రెండూ సరైనవే, చెప్పిన కారణం మాత్రం సరి కాదు. రీజియన్ తాళం సినిమా కంపెనీలు తమ డిస్కులకు వేసుకున్నది. పెళ్ళి వీడియో తీసినవారు తమ కంప్యూటరులో కాల్చి ఇచ్చిన డిస్కుకు సాధారణంగా అలాంటి తాళం ఉండదు. మీ డిస్కును ఆపుతున్నది గుడివాడ పాఠకుని క్యాసెట్టును ఆపిన పాత శత్రువే. విజయవాడలో చేసిన డిస్కు పాల్‌లో ఉంటుంది, 720 బై 576 కొలత, సెకనుకు 25 బొమ్మలు. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు రెండు పద్ధతులనూ ఆడించేవి; అమెరికాలో అమ్మిన ప్లేయర్లలో చాలావాటికి పాల్ అంటే ఏమిటో తెలియదు. విదేశాల్లోని మనవారిని కూడా దృష్టిలో పెట్టుకొని అచ్చువేసిన తెలుగు సినిమా డీవీడీల అట్ట వెనుక చూడండి: వాటిలో చాలావాటి మీద ఎన్‌టీఎస్‌సీ అని, అన్ని రీజియన్లకూ అని ఉంటుంది. అందుకే అవి ఆడుతున్నాయి.

మీకు కొత్త ప్లేయరు అవసరం లేదు. కంప్యూటరుకు తగిలించే డిస్కు డ్రైవు ఒకటి తెచ్చుకొని వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయరుతో తెరవండి. కంప్యూటరుకు పాల్, ఎన్‌టీఎస్‌సీ భేదం లేదు. తెరుచుకోగానే చూస్తూ కూర్చోకుండా, లోపలి ఫైళ్ళన్నిటినీ ముందుగా హార్డ్ డిస్కులోకి నకలు తీయండి. ఇంట్లో కాల్చిన డిస్కులో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది, ఆ పూత శాశ్వతం కాదు. కంప్యూటరు కూడా డిస్కు ఖాళీ అని చూపిస్తే కంగారు పడకండి. ఆ రోజుల్లో నేరుగా డీవీడీలోకి రికార్డు చేసే యంత్రాల్లో చివరన ‘ఫైనలైజ్’ అన్న మీట నొక్కడం చాలామంది మరిచిపోయేవారు. అలాంటి డిస్కును రికార్డు చేసిన యంత్రమే చదవగలదు, లేదా అందుకు తగిన సాఫ్ట్‌వేర్ ఉన్నవారు లోపలి వీడియోను బయటకు తీయగలరు.

ప్రశ్న: 2007లో తోషిబా హెచ్‌డీ డీవీడీ (బ్లూ-రేకు పోటీగా వచ్చిన హెచ్‌డీ డిస్కు పద్ధతి) ప్లేయరు, ముప్పై దాకా డిస్కులు కొన్నాను. నెలలు గడవకుండానే ఆ పద్ధతి మూతపడింది. డిస్కు కొలత బ్లూ-రేదే, లేజరు రంగు కూడా అదే అంటారు. మరి నా డిస్కులను బ్లూ-రే ప్లేయరు ఎందుకు చదవదు? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: రెండూ 12 సెంటీమీటర్ల డిస్కులే, రెండింటిలోనూ 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరే. తేడా లోతులో ఉంది. హెచ్‌డీ డీవీడీలో రాత, మామూలు డీవీడీలో లాగే, పైపొర నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరులోనే ఉంటుంది. ఒక లోతుకు సరిచేసిన కటకం మరో లోతున ఉన్న రాతను స్పష్టంగా చూడలేదు, పైగా రాత అమరిక కూడా వేరు. పాత డీవీడీ కర్మాగారాలను కొద్ది మార్పులతో వాడుకోవచ్చునని తోషిబా ఆ లోతును ఎంచుకుంది. నా ఉద్దేశంలో అది తెలివైన ఆలోచనే, కానీ తీర్పు ఇచ్చింది సినిమా కంపెనీలు: వార్నర్ సంస్థ 2008 జనవరి 4న బ్లూ-రేకే కట్టుబడతామని ప్రకటించింది, ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంది. తెనాలి మామగారి బీటాకు కొన్నేళ్ళు పట్టినది మీ విషయంలో ఆరు వారాల్లో జరిగిపోయింది.

మీ ప్లేయరు మామూలు డీవీడీలను ఇప్పటికీ చక్కగా ఆడిస్తుంది కనుక దాన్ని పారేయకండి. మీ ముప్పై డిస్కులకూ అదే ఆధారం. 2007లో ఎల్‌జీ రెండు పద్ధతులనూ ఆడించే యంత్రం తెచ్చింది, పాత సామాను అమ్మేచోట కనిపిస్తే విడవకండి. డిస్కులన్నిటినీ ఒకసారి చివరి దాకా నడిపి చూడండి. హెచ్‌డీ డీవీడీల్లో కొన్ని పొరలు చెడి మధ్యలో ఆగిపోతున్నాయి. అలాంటి సినిమాలను బ్లూ-రేలో మళ్ళీ కొనడం తప్ప మార్గం లేదు.

ప్రశ్న: 2013లో చాలా డబ్బు పోసి 4కె టీవీ కొన్నాను. ఈమధ్య కొన్న 4కె డిస్కు ప్లేయరును దానికి హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే మామూలు హెచ్‌డీ బొమ్మే వస్తోంది. తీగ మార్చాను, ఫలితం లేదు. టీవీ కంపెనీవారు సాఫ్ట్‌వేర్‌తో సరిచేయలేరా? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: తీగ తప్పు కాదు, చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కూడా కాదు. హెచ్‌డీఎంఐ రంధ్రం ఆకారం తొలి రోజుల నుంచి అదే ఉంది, లోపలి ఒప్పందం మారుతూ వచ్చింది. మీ టీవీ తయారైన నాటి హెచ్‌డీఎంఐ 4కె బొమ్మను సెకనుకు 30 దాకా మాత్రమే తీసుకోగలిగేది. 60 తీసుకునే హెచ్‌డీఎంఐ 2.0 ఆ ఏడాది సెప్టెంబరులో గాని వెలువడలేదు. అంతకంటే ముఖ్యమైనది నకలు తీయకుండా వేసే తాళం. 4కె డిస్కులు హెచ్‌డీసీపీ 2.2 అనే కొత్త తాళాన్ని అడుగుతాయి. దానికి తాళంచెవి టీవీ లోపలి చిప్పులో ఉండాలి. లేకపోతే ప్లేయరు మీ టీవీని నమ్మక, బొమ్మను తగ్గించి పంపుతుంది. మీకు జరుగుతున్నది అదే.

అయినా ఆశ వదులుకునే ముందు మూడు చోట్ల చూడండి. ఆ కాలపు టీవీల్లో కొన్నిటికి ఒక్క రంధ్రంలో మాత్రమే కొత్త తాళంచెవి ఉండేది, కాబట్టి టీవీ వెనుక ఉన్న ప్రతి హెచ్‌డీఎంఐ రంధ్రంలోనూ ప్లేయరును పెట్టి చూడండి. టీవీ మెనూలో ఒక్కొక్క రంధ్రానికి వేరుగా ఉండే 4కె సిగ్నల్ అమరిక చాలా టీవీల్లో మొదట మూసే ఉంటుంది, దాన్ని తెరవండి. ప్లేయరుకూ టీవీకీ మధ్య హోమ్ థియేటర్ డబ్బా ఉంటే దానికీ ఇదే తాళంచెవి ఉండాలి గనుక, పరీక్ష కోసం దాన్ని తప్పించి నేరుగా కలపండి. కొన్ని కంపెనీలు ఆ తొలి మోడళ్ళకు రంధ్రాలున్న బయటి పెట్టెనే మార్చి ఇచ్చాయి. మీ టీవీకి తీగలన్నీ వెళ్ళే పెట్టె విడిగా ఉంటే మోడల్ నంబరు చెప్పి అలాంటిది ఉందేమో సర్వీసు కేంద్రంలో అడగండి. రంధ్రాలు టీవీకే అతికి ఉంటే మాత్రం ఆ ప్లేయరును హెచ్‌డీ బొమ్మతోనే వాడుకోండి. డిస్కులు కొనడం ఆపనక్కరలేదు. ఆ టీవీ మార్చిన రోజున అవే డిస్కులు పూర్తి బొమ్మ చూపిస్తాయి.